తప్పించుకున్న దెబ్బల రిజిస్టరు

కొత్తరేవు పురపాలక సంఘ కార్యాలయంలో సిబ్బందికి బాక్సింగు నేర్పించాలన్న నిర్ణయానికి కారణం, కుళాయిల సెక్షన్ గుమాస్తా త్రినాథరావు పెన్ను కింద పడటం.

అది సోమవారం. కొత్త కుళాయి కోసం పదకొండోసారి వచ్చిన బంగార్రాజు అనే పెద్దమనిషి కౌంటరు ముందు నిలబడి ఉన్నాడు. త్రినాథరావు తల ఎత్తకుండానే, "ఇంటి పన్ను రసీదు జిరాక్సు మసగ్గా ఉంది, ఇంకోటి తీయించుకుని రేపు రండి" అన్నాడు. బంగార్రాజు పిడికిలి బిగించి, కిటికీలోంచి చెయ్యి దూర్చి ఒక్కటి విసిరాడు. సరిగ్గా అప్పుడే బల్లమీది పెన్ను దొర్లి కిందపడింది. దాన్ని తీయడానికి త్రినాథరావు వంగాడు. పిడికిలి అతని నెత్తిమీదుగా వెళ్ళి వెనకనున్న ఇనుప బీరువాకు తగిలింది.

త్రినాథరావుకి ఏమీ కాలేదు. అసలేం జరిగిందో కూడా అతనికి తెలియలేదు. పెన్ను తీసుకుని లేచేసరికి ఎదురుగా ఒక మనిషి చెయ్యి పట్టుకుని మూలుగుతున్నాడు. అటెండరు గవరయ్య ఎదురుగా ఉన్న చెరకురసం బండి దగ్గరికి పరుగెత్తి ఐసుముక్క తెచ్చాడు. బంగార్రాజు చేతికి రుమాలు కట్టించుకుని, కాసేపు బెంచీమీద కూర్చుని, వెళ్ళేముందు చాలా మర్యాదగా అడిగాడు.

"రేపు ఎన్నింటికి రమ్మంటారు?"

నేనీ ముచ్చటంతా ఎదుటి సీట్లోంచి చూశాను. నా పేరు అనసూయ. జనన మరణాల సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా నా కిటికీ ముందుకు రావలసిందే.

మర్నాడు కమిషనర్ చిదానందరావు గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయన ఏ మాట చెప్పినా పెద్ద పెద్ద పదాలతో దండ వేసి చెబుతారు.

"నిన్నటి సంఘటనను మనం శాస్త్రీయ దృక్పథంతో అధ్యయనం చేయవలసి ఉంది. దాడి జరిగింది. గాయం కాలేదు. ఎందుచేత? ఉద్యోగి వంగాడు. అంటే, వంగుట అనే ప్రక్రియలోనే పరిష్కారం నిక్షిప్తమై ఉంది."

నేను చెయ్యెత్తాను. "సార్, ఆయన కుళాయి దరఖాస్తు ఇచ్చి పధ్నాలుగు నెలలైంది. అదేదో ఇచ్చేస్తే..."

"అనసూయ గారూ, మీరు కారణాల్లోకి వెళ్తున్నారు" అన్నారాయన జాలిగా. "కారణాలు మన పరిధిలో లేవు."

మేనేజరు దివాకరం గారు ఆ మాటను మినిట్స్ పుస్తకంలో రాసుకుని కింద గీత గీశారు.

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయడమేమనగా, పౌరసేవా విధులలో భాగముగా ఎదురగు ముష్టిఘాతములను వంగుట, జరుగుట, ప్రక్కకు తొలగుట అను త్రివిధ పద్ధతులలో నివారించు నైపుణ్యమును ప్రతి ఉద్యోగి ముప్పది దినములలోపు అలవరచుకొనవలెను. ఇందుకు ప్రత్యేక నిధులు లేవు. కార్యాలయమందు లభ్యమగు సామగ్రితోనే శిక్షణ సాగవలెను."

గవరయ్య దాన్ని నోటీసు బోర్డుకి అంటిస్తూ కూడబలుక్కుని చదివి, నా దగ్గరికొచ్చాడు. "మేడమ్ గారూ, జనం మనకి ముష్టి ఎందుకేత్తారండీ?"

"అది ఆ ముష్టి కాదు గవరయ్యా. పిడికిలి."

"అలగనా" అన్నాడు గానీ అతని మొహం చూస్తే నమ్మినట్టు లేదు.

శిక్షకుణ్ణి వెతకాల్సిన పని లేకపోయింది. ఆయన తనంతట తనే వచ్చాడు. రెండేళ్ళుగా ప్రతి బుధవారం వస్తూనే ఉన్నాడు.

మైలపిల్లి పోలయ్యకి యాభై ఎనిమిదేళ్ళుంటాయి. కుర్రతనంలో ఓడరేవు జట్టు తరపున బాక్సింగు ఆడాడు. ముక్కు కాస్త ఎడంపక్కకి తిరిగి ఉంటుంది. చేపలు ఎండేసే దిబ్బ వెనక ఇసకలో, తన పేటలోని పధ్నాలుగు మంది ఆడపిల్లలకీ మగపిల్లలకీ పొద్దునా సాయంత్రం బాక్సింగు నేర్పుతాడు. వాన పడితే క్లాసు లేదు. లైట్‌హౌసు రోడ్డులో పురపాలక సంఘం వాళ్ళ కమ్యూనిటీ హాలు ఆరేళ్ళుగా తాళం వేసి ఉంది. దాన్ని రోజుకి నాలుగు గంటలు వాడుకోనిమ్మని ఆయన దరఖాస్తు.

ఆ తాళంచెవి నా బీరువా పక్కన మేకుకి వేలాడుతోంది. ఎప్పుడో పోలియో చుక్కల శిబిరం పెట్టినప్పుడు అప్పగించారు, తిరిగి తీసుకున్నవాళ్ళు లేరు. పోలయ్య నన్ను ఏడుసార్లు అడిగాడు. ఆర్డరు లేకుండా తాళం ఇవ్వలేనని ఏడుసార్లూ చెప్పాను. అది నిజమే. ఆ ఆర్డరు ఎక్కడ ఆగిందో ఒక్కసారైనా వెతికానా అంటే, లేదు. అదీ నిజమే.

ఆ బుధవారం ఆయన గుమ్మంలో అడుగుపెట్టేసరికి కమిషనర్ గారు వరండాలో ఎదురయ్యారు.

"మీరు బాక్సరా?"

"అవునండి. కుర్రతనంలో పోర్టు తరపున పదేళ్ళు ఆడేను. ఆ హాలు గురించి..."

"మీ దరఖాస్తు సానుకూల పరిశీలనలో ఉంది. ఈలోగా మా సిబ్బందికి మీ సేవలు అవసరం. దెబ్బ తప్పించుకోవడం వరకే. కొట్టడం మా విధుల్లోకి రాదు."

పోలయ్య చుట్టూ చూశాడు. "గ్లౌజులున్నాయాండి? బేగు?"

"లేవు."

"మరేటున్నాయి?"

"ఫైళ్ళు ఉన్నాయి" అన్నారు కమిషనర్ గారు.

పోలయ్య నవ్వాడు. "సాల్తాయండి. తప్పుకోడానికి పెద్ద సామానక్కర్లేదు. తాడుముక్కుంటే సాలు."

సాయంత్రం నాలుగింటికి సమావేశ మందిరంలో కుర్చీలన్నీ గోడకి నెట్టి మొదటి తరగతి పెట్టారు. పోలయ్య ఫైళ్ళు కట్టే నాడాలు పాతిక ముడేసి, ఈ కిటికీ ఊచ నుంచి ఆ కిటికీ ఊచ దాకా భుజాలెత్తున లాగి కట్టాడు. ఆ తాడు కిందనుంచి ఈ పక్కకోసారి, ఆ పక్కకోసారి తల దాటిస్తూ ముందుకి నడవాలి. తాడు నెత్తికి తగలకూడదు.

దివాకరం గారు సీనియారిటీ ప్రకారం ముందు బయల్దేరారు. రెండడుగులు వేసి, నడుము దగ్గర విరిగినట్టు వంగి, అలాగే ఉండిపోయారు.

"నడుం కాదు సార్, మోకాళ్ళు" అంటూ పోలయ్య ఆయన్ని లేపి నిలబెట్టాడు. "నడుం వంచితే నేల కనపడతాది. ఎదుటోడు కనపడడు. ఆడు రెండోది ఏసేత్తాడు."

తర్వాత త్రినాథరావు మేజోడు ఒకటి ఊడదీయించి, అందులో చిత్తుకాగితాలు కూరి, దారంతో ఫ్యాను కొక్కేనికి వేలాడదీశాడు. దాన్ని ఊపి వదిలితే మొహం మీదికి వస్తుంది. కాళ్ళు కదపకుండా తల కొంచెం పక్కకి తీయాలి. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు దాన్ని చూసి ఏకంగా వరండాలోకి వెళ్ళిపోయాడు.

"అంత దూరం అక్కర్లేదండి బాబూ. సెవి పక్కనించి పోతే సాలు. బెత్తెడు తప్పుకునే పనికి బజారు దాకా ఎల్తే, మళ్ళీ రాడానికి ఆయాసం."

నా వంతు వచ్చింది. మేజోడు ఊగుతూ వచ్చింది. నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను. అది తిన్నగా నా ముక్కుకి తగిలింది. త్రినాథరావు మేజోడు వాసన గురించి ఇక్కడ రాయను.

"కళ్ళు ముయ్యకండమ్మా" అన్నాడు పోలయ్య మెల్లగా. "మూసినోళ్ళకే తగుల్తాది. పిడికిలి కేసి సూడొద్దు, అది అబద్దాలాడతాది. బుజం కేసి సూడండి. దెబ్బ బయల్దేరే ముందు బుజం లెగుస్తాది. లెగిసిందంటే మీరు తొలిగిపోవాల."

అక్కడే నాకు చిక్కొచ్చిపడింది. ఇరవై రెండేళ్ళలో నేను కిటికీ అవతల మనిషిని ఎప్పుడూ భుజం దాకా చూడలేదు. నాకు తెలిసిందల్లా కాగితం పట్టుకున్న వేళ్ళు. ఈ ఊళ్ళో సగం మందిని వేళ్ళని బట్టి గుర్తుపట్టగలను గానీ, బజార్లో ఎదురైతే ఎవరో తెలియదు.

మర్నాటి నుంచి సాధన మొదలుపెట్టాను. మొదట వచ్చింది రొయ్యలమ్మే ఒకావిడ, మనవడి పుట్టిన సర్టిఫికెట్ కోసం. నేను భుజం మీద చూపు నిలిపి, "ఆస్పత్రి కాగితంలో తండ్రి పేరు అక్షరం తప్పుంది, సరిచేయించుకుని రేపు రండి" అన్నాను. ఆవిడ కుడిభుజం అంగుళం లేచింది. తాడు లేదు, తొలగడానికి చోటు లేదు, వెనక బీరువా. ఏం చేయాలో తోచక, "ముందు కూర్చోండి" అన్నాను. భుజం దిగింది. "ఆ అక్షరం నేనే దిద్దుతాను, ఇక్కడ వేలిముద్ర వెయ్యండి" అన్నాను. రెండు భుజాలూ పూర్తిగా దిగిపోయాయి. పావుగంటలో సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

నాలో సేవాభావం పుట్టిందని ఎవరైనా అనుకుంటారేమో. అదేం కాదు, వట్టి భయం. భుజాలు దిగే మాటలేవో, లేచే మాటలేవో కనిపెట్టి, దిగే మాటలే మాట్లాడాను. పని అయిపోతే భుజాలు లేచే అవకాశమే లేదని పది రోజుల్లో తెలిసిపోయింది. కనుక పనులు చేసేశాను. పోయినవాళ్ళ కాగితాల కోసం వచ్చేవాళ్ళ భుజాలు ముందే జారిపోయి ఉంటాయి. వాళ్ళకి ఇంకా తొందరగా చేశాను.

ఇంతలో కమిషనర్ గారికి గణాంకాలు కావలసి వచ్చాయి. శిక్షణ ఫలించినట్టు పైవాళ్ళకి ఎలా తెలుస్తుంది? ప్రతి సెక్షన్‌కీ ఒక రిజిస్టరు ఇచ్చారు. దాని పేరు 'తప్పించుకున్న దెబ్బల రిజిస్టరు'. తేదీ, పౌరుని పేరు, కుడిచెయ్యా ఎడంచెయ్యా, నివారణ పద్ధతి, రిమార్కులు. నెలకి కనీసం పది నమోదు కావాలి.

నెలాఖరుకి త్రినాథరావు రిజిస్టరులో ముప్పై నాలుగు ఉన్నాయి. అతను కష్టపడే మనిషి. దరఖాస్తు తీసుకుని, పైకీ కిందకీ చూసి, "ఈ ఫారం పోయిన వారమే మారిందండీ" అని మెత్తగా చెప్పి, మోకాళ్ళు కాస్త వంచి సిద్ధంగా ఉండేవాడు. ఇంటిపన్ను సెక్షన్లో నలభై మంది వరసలో ముప్పై తొమ్మిదో మనిషి దాకా చూసి, నలభయ్యో మనిషి రాగానే కిటికీ మూసేవారు. నా రిజిస్టరులో సున్నా.

నాకు మెమో వచ్చింది. "మీ సెక్షన్ నందు ఒక్క ముష్టిఘాత ప్రయత్నము కూడ నమోదు కాకపోవుట గమనింపబడినది. దీనిని బట్టి మీరు పౌరులతో క్రియాశీల సంబంధము కలిగియుండుట లేదని భావించుచున్నాము. పనితీరు మెరుగుపరచుకొనని యెడల తగు చర్య తీసుకొనబడును."

నేను భయపడి దివాకరం గారి దగ్గరికి వెళ్ళాను. "నన్నెవరూ కొట్టడం లేదు సార్. ఏం చెయ్యను?"

"పని ఆపెయ్యండమ్మా" అన్నారాయన అనునయంగా. "వారం రోజులు ఆపి చూడండి. వాళ్ళే వస్తారు."

అక్కడికీ ప్రయత్నించాను. ఒక పూట ఆపాను. వచ్చినవాళ్ళు, "మేడమ్ గారికి ఒంట్లో బాగోలేదనుకుంటాను" అని తమలో తాము అనుకుని, ఒకాయన కొబ్బరిబోండం తెచ్చి బల్లమీద పెట్టి వెళ్ళాడు.

రెండో నెల వచ్చేసరికి జనం కూడా అలవాటుపడిపోయారు. కోపం తెచ్చుకోవడం మానేసి, ఇక్కడ ఇదొక పద్ధతి కాబోలనుకున్నారు. దాంతో అన్ని సెక్షన్లలోనూ దెబ్బలకి కరువొచ్చింది. నెలాఖరున గుమాస్తాలు బతిమాలుకునే దాకా వచ్చింది. పింఛను కాగితాల కోసం వచ్చిన పైడమ్మ అనే ముసలమ్మని త్రినాథరావు పట్టుకున్నాడు.

"ఒక్క దెబ్బ ఎయ్యమ్మా. మెల్లగానే. తప్పుకుంటాను."

"నిన్నెందుకు కొడతాను బాబూ? నువ్వేటి సేసేవని?"

"నేనేమీ చెయ్యలేదమ్మా."

"ఏమీ సెయ్యలేదా? అయితే ఎయ్యొచ్చు" అంటూ ముసలమ్మ చేతిసంచీ కింద పెట్టింది. వయసు మీద పడిన మనిషే కదా అని త్రినాథరావు కాస్త అలుసుగా తొలిగాడు, దెబ్బ కొంచెం తగిలింది. రిమార్కుల గడిలో 'పాక్షిక నివారణ' అని రాసుకున్నాడు.

ఇదంతా క్రమబద్ధం చేయడానికి కమిషనర్ గారు గేటు పక్కన ప్రత్యేక కౌంటరు పెట్టించారు. దాని పేరు 'ముష్టిఘాత నివారణ విభాగం'. బోర్డు చిన్నది కావడంతో పెయింటరు తనకి తోచినట్టు కుదించి 'ముష్టి విభాగం' అని రాశాడు. మర్నాడు పొద్దున్న రైల్వేస్టేషను దగ్గరుండే బిచ్చగాళ్ళు పద్దెనిమిది మంది వచ్చి, గిన్నెలు ముందు పెట్టుకుని, బుద్ధిగా వరసలో కూర్చున్నారు.

"నాను ముందే సెప్పేనండి" అన్నాడు గవరయ్య.

కమిషనర్ గారు వాళ్ళని లెక్కపెట్టించి, 'ప్రజల నుండి విశేష స్పందన' అనే శీర్షిక కింద నివేదికలో చేర్చారు.

పోలయ్య ఈ రెండు నెలలూ మంగళ, శుక్రవారాలు శిక్షణకి వచ్చాడు. ప్రతిసారీ తరగతి అయ్యాక తన ఫైలు గురించి అడిగేవాడు. ఆయన నేర్పిన విద్య అప్పటికి అందరికీ బాగా పట్టుబడింది. ఆయన అలా నోరు తెరవగానే ఇలా ఎదుట ఒక్క ఉద్యోగీ ఉండేవాడు కాదు.

వానలు మొదలయ్యాయి. ఒక శుక్రవారం ఆయన తడుచుకుంటూ నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మేడమ్ గారూ, పై నెల పదో తారీకున జిల్లా సెలక్షన్లండి. ఇసకంతా బురదైపోనాది. పన్నెండు రోజులై పిల్లలు సెయ్యి కదపలేదు. నా ఫైలు ఎక్కడుందో మీకేటైనా తెలుసాండి?"

నేను అలవాటు కొద్దీ ఆయన భుజం చూశాను. లేవలేదు. మళ్ళీ చూశాను. రెండేళ్ళు మేం తిప్పిన మనిషి, మా అందరికంటే గట్టి చేతులున్న మనిషి, ఆయన భుజం కాస్తయినా కదల్లేదు. చొక్కా అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి, అంతే. ఆయనకి కోపం వస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసు. రాకపోతే ఏం చెయ్యాలో తెలియలేదు. మొహం కేసి చూడలేకపోయాను.

"సోమవారానికి చెబుతాను" అన్నాను. ఈసారి నిజంగానే వెతికాను.

ఫైలు నాలుగు సెక్షన్లు తిరిగి, అందరి సంతకాలూ అయిపోయి, కమిషనర్ గారి బల్లమీదే ఉంది. ఆ పైన తప్పించుకున్న దెబ్బల రిజిస్టర్లు పేర్చి ఉన్నాయి. ఒక్క సంతకం తక్కువ. నేను దాన్ని పైకి తీసి ఆయన ముందు పెట్టాను.

ఆయన దాన్ని చూసి, "ఇది పరిశీలనలో ఉంది కదా" అన్నారు.

"అందరూ పరిశీలించేశారు సార్. మీ సంతకమే."

"అంటే తుది పరిశీలనలో ఉందన్నమాట. ఇంకా లోతుగా చూడాలి. ముందు సోమవారం తనిఖీ కానివ్వండి." ఫైలు మళ్ళీ రిజిస్టర్ల కిందికి వెళ్ళిపోయింది.

సోమవారం ప్రాంతీయ సంచాలకురాలు హేమనళిని గారు తనిఖీకి వచ్చారు. మా ప్రయోగం గురించి విని స్వయంగా చూడాలనుకున్నారట. పొట్టిగా, చురుగ్గా ఉన్నారు. గొడుగు తనే మడుచుకుంటూ లోపలికి వచ్చారు. సమావేశ మందిరంలో సిబ్బంది అంతా రిజిస్టరులో అంకెల ప్రకారం వరసలో నిలబడ్డాం. ముందు త్రినాథరావు, చిట్టచివర గోడకి ఆనుకుని నేను. పౌరుల పక్షాన బంగార్రాజుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన చెయ్యి బాగైంది, కుళాయి ఇంకా రాలేదు.

కమిషనర్ గారు ఉపన్యాసం ఇచ్చారు. "గడచిన రెండు మాసాలలో నాలుగు వందల పన్నెండు ముష్టిఘాతములను నిర్వీర్యం చేశాం మేడమ్. ఒక్క పైసా ఖర్చు లేదు. తాడు, కాగితం, మేజోడు, అంతే. ఇప్పుడు నేను స్వయంగా ప్రదర్శించి చూపుతాను."

కోటు విప్పి దివాకరం గారికి ఇచ్చి, తాడు పక్కన నిలబడ్డారు. కొట్టడానికి పోలయ్యని పిలిచారు.

పోలయ్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కుడిభుజం లేచింది. కమిషనర్ గారు చటుక్కున ఎడమకి తొలిగారు. సిబ్బంది చప్పట్లు కొట్టాం. ఎడమభుజం లేచింది. ఆయన కుడికి తొలిగారు. మళ్ళీ చప్పట్లు. కుడి, ఎడమ, ఎడమ, కుడి. ఆయన ఊపు అందుకుని తాడు కిందనుంచి దూరి అవతల తేలి, తిరిగి వచ్చారు. చెమటలు కారుతున్నాయి.

"ఆగండి, ఆగండి" అన్నారు సంచాలకురాలు. "ఆయన చెయ్యి అసలు కదల్లేదే?"

నిజమే. పోలయ్య రెండు చేతులూ కిందికి వేలాడుతూనే ఉన్నాయి. భుజాలు తప్ప ఏమీ కదపలేదు.

"ముందుజాగ్రత్త చర్య మేడమ్" అన్నారు కమిషనర్ గారు ఒగరుస్తూ.

ఆవిడకి నవ్వొచ్చినట్టుంది, ఆపుకున్నారు. పోలయ్య వైపు తిరిగి, "మీరు ఇక్కడ ఉద్యోగా?" అని అడిగారు.

"కాదండి. హాలు తాళం కోసం వొచ్చేనండి."

"ఎప్పుడు?"

"రెండేళ్ళ కిందటండి."

సిబ్బంది అంతా తాడు కేసి చూస్తూ నిలబడ్డాం. బంగార్రాజు ఒక్కడే, "నాది ఇంకా పదహారు నెలలే" అన్నాడు.

సంచాలకురాలు కమిషనర్ గారిని సూటిగా చూశారు. "ఏ హాలు? ఎందుకు ఇవ్వలేదు?"

కమిషనర్ గారు ఆ ఊపులోనే ఉన్నారు. "ఆ విషయం మేనేజరు గారి పరిధిలోది" అంటూ బెత్తెడు పక్కకి జరిగారు. ప్రశ్న దివాకరం గారి ముందుకి వచ్చింది. ఆయన మోకాళ్ళు వంచి, "రెవెన్యూ వారు నివేదించాలి మేడమ్" అని తొలిగారు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఇంజనీరింగు వైపు చూపించి జరిగాడు. ఇంజనీరింగు సూపర్వైజరు కుళాయిల సెక్షన్ కేసి చూశాడు. త్రినాథరావు వంగాడు. ఎంత చక్కగా తొలిగారంటే, వరస చెదరలేదు, ఒకరి భుజం ఇంకొకరికి తగల్లేదు. నేర్పిన మనిషి కూడా నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

ప్రశ్న అలా దొర్లుకుంటూ నా దాకా వచ్చింది. నా పక్కన మనిషి లేడు. వెనక గోడ. సంచాలకురాలు నా ఎదుటికొచ్చి నిలబడ్డారు. నేను కళ్ళు మూసుకోలేదు.

"తాళం నా బీరువా పక్కన మేకుకి ఉందండి" అన్నాను. "ఫైలు సార్ గారి బల్లమీద, ఎడమవైపు, రిజిస్టర్ల కింద ఉంది. అందరి సంతకాలూ అయ్యాయి. సార్ గారిదే తక్కువ. ఈయన ఏడుసార్లు నన్నే అడిగారు. నేనూ వెతకలేదు. మొన్న వెతికితే పావుగంటలో దొరికింది."

"తెప్పించండి" అన్నారావిడ.

గవరయ్య పరుగెత్తాడు. ఫైలు వచ్చింది. కమిషనర్ గారు జేబులు తడుముకుని, కోటు దివాకరం గారి దగ్గర ఉందన్నారు. దివాకరం గారు కోటు పక్కగదిలో పెట్టానన్నారు. సంచాలకురాలు తన సంచీలోంచి పెన్ను తీసి, మూత విప్పి, ఆయన చేతిలో పెట్టారు. ఆయన అటు చూశారు, ఇటు చూశారు. ఒకపక్క తాడు, ఒకపక్క ఆవిడ. సంతకం పెట్టారు. "ఈయన కుళాయి ఫైలు కూడా తెండి" అన్నారావిడ బంగార్రాజుని చూపించి. అదీ అయింది.

నేను తాళంచెవి తెచ్చి పోలయ్య చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వెంటనే జేబులో వేసుకోలేదు. అటూ ఇటూ తిప్పి చూసి, "సిలుమెక్కిపోనాది. నూనె ఏత్తే తిరుగుతాది" అన్నాడు. ఆయన కళ్ళు తడిసే ఉన్నాయి. బయట వాన పడుతూనే ఉంది కనుక దాన్ని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత జరిగిందంతా నిబంధనల ప్రకారమే జరిగింది. సంచాలకురాలు తన నివేదికలో, కొత్తరేవు సిబ్బందికి తప్పించుకోవడంలో అసాధారణ ప్రావీణ్యం ఉందని రాశారు. ఆవిడ వెక్కిరిస్తూ రాసిన ఆ వాక్యాన్ని పైకార్యాలయం మెచ్చుకోలుగా తీసుకుంది. చిదానందరావు గారిని ఈ కార్యక్రమం మొత్తానికి ప్రత్యేకాధికారిగా నియమించి రాజధానికి పిలిపించుకుంది. ఒక్క దెబ్బ కూడా రాని కారణంగా నా సీటు అనవసరమని తేల్చి, నన్ను లైట్‌హౌసు రోడ్డు కమ్యూనిటీ హాలుకి సంరక్షకురాలిగా వేశారు. నాతోపాటు జనన మరణాల రిజిస్టర్లు కూడా పంపేశారు, వాటిని చూసుకోవడానికి అక్కడ ఎవరూ లేరు కాబట్టి. జనం గొణుక్కోకుండా హాలుకే వచ్చి సర్టిఫికెట్లు తీసుకుంటున్నారు. అక్కడ కూర్చోడానికి చోటెక్కువ.

జిల్లా సెలక్షన్లకి పధ్నాలుగు మందీ వెళ్ళారు. ముగ్గురు ఎంపికయ్యారు, అందులో ఇద్దరు ఆడపిల్లలు. మిగతావాళ్ళు వాపులతో, నవ్వుతూ తిరిగి వచ్చారు.

నిన్న రాజధాని నుంచి నాకొక మెమో వచ్చింది. చిదానందరావు గారి సంతకంతో. "ప్రాంతీయ సంచాలకురాలి తనిఖీ దినమున, పై అధికారి సంధించిన ప్రశ్నను, తగు శిక్షణ పొందియుండియు, మీరు ఏ పద్ధతిలోను నివారించక, ఎదుట నిలబడి స్వీకరించినట్లు తెలియవచ్చినది. ఇందుకు మూడు దినములలోపు సంజాయిషీ సమర్పించవలెను."

ఈరోజు పొద్దున్న హాలు మూల బల్ల వేసుకుని జవాబు రాయడానికి కూర్చున్నాను. దూలానికి వేలాడుతున్న ఇసకబస్తాని పిల్లలు వరసగా గుద్దుతున్నారు. గుద్దినప్పుడల్లా బల్ల అదిరి అక్షరాలు వంకర పోతున్నాయి. 'పైన ఉదహరించిన మెమోకు సంబంధించి సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా' అని మొదలుపెట్టి ఒక పేజీ రాశాను. చదువుకుంటే నాకే అర్థం కాలేదు. చింపేసి ఇంకో కాగితం తీసుకున్నాను.

"అయ్యా, ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. అందుకని చెప్పాను. ఇట్లు, అనసూయ."

పోలయ్య వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. "అయిపోనాదా మేడమ్ గారూ?"

"అయిపోయింది."

"అయితే లెగండి. మీకు ఆఫీసులో తప్పుకోడమే నేర్పేను. కొట్టడం నేర్పలేదు గదా."

"ఈ వయసులోనా?"

"బస్తాకి వయసు తెల్దండి."

పిల్లలు పక్కకి జరిగి దారిచ్చారు. నేను కాగితం మీద పేపర్‌వెయిట్ పెట్టి, కొంగు నడుముకి దోపుకుని లేచాను.